సహజ స్టోన్‌వేర్ మట్టి: పూర్తిగా కాల్చగలిగితేనే కొనండి

సూటిగా చెప్తాను. స్టోన్‌వేర్ అంటే బాగా ఎక్కువ వేడికి కాలి రాయిలా గట్టిపడే మట్టి రకం. మీ కిల్న్ (పాత్రలు కాల్చే కొలిమి) 1250 డిగ్రీల సెల్సియస్ దాటి, ఆ వేడిని కాసేపు నిలబెట్టగలిగితే ఈ మట్టి నిశ్చింతగా కొనండి. మీది 1100 దగ్గరే ఆగిపోయే కిల్న్ అయితే మాత్రం దీని జోలికి రావొద్దు, మామూలు ఎర్రమట్టి మీకు ఇంతకంటే చాలా మంచి పాత్రలు ఇస్తుంది. కింద రాసిందంతా ఈ ఒక్క మాటకి కారణాలే. చాలామంది సంచి మీద ‘సహజ’ అని చూసి, లేదా ఎక్కడో ఫొటోలో ఆ గోధుమరంగు కప్పు చూసి ముచ్చటపడి కొనేస్తారు, ఉన్న కిల్న్‌లో తక్కువ వేడికి కాలుస్తారు, తర్వాత కప్పు కింద తడి మరక కనిపిస్తే మట్టిని తిడతారు. అందులో మట్టి తప్పేమీ లేదు.

ఇంతకీ ఏమిటీ మట్టి? గనిలో ఒక పొర నుంచి తవ్వి తీసి, ఎండబెట్టి, నలిపి, జల్లించి, నీళ్లు కలిపి, గాలి లాగేసే మిషన్ గుండా పంపి, ప్లాస్టిక్ సంచిలో దిమ్మగా కట్టి ఇస్తారు. అంతే. మనకి ఎక్కువగా దొరికే స్టోన్‌వేర్ మట్టి ఇలాంటిది కాదు, దానికి ఒక ఫార్ములా ఉంటుంది: బాల్ క్లే (జిగురు మట్టి) ఇంత, కేయోలిన్ (తెల్ల మట్టి) ఇంత, ఫెల్డ్‌స్పార్ (వేడికి కరిగే ఖనిజం) ఇంత, సిలికా (ఇసుకలోని పదార్థం) ఇంత అని తూచి కలుపుతారు. సహజ మట్టిలో ఆ పాళ్లు నేలలోనే కుదిరి ఉంటాయి. రాళ్లు శిథిలమై, ఆ పొడి నీళ్లలో కొట్టుకుపోయి, దారిలో బరువైన ఇసుక ముందే కిందికి దిగిపోయి, సన్నటి రేణువులు మాత్రం నీళ్లు నిలిచిన చోట మేట వేస్తాయి. అందుకే దీనికి అంత జిగురు. రాయి శిథిలమైన చోటే దొరికే తెల్ల కేయోలిన్‌లో రేణువులు పెద్దవి, దానికి ఈ సాగుడు రాదు. ఈ మట్టిలో కేయోలినైట్ అనే మట్టి ఖనిజం ముఖ్యం, దానితో పాటు ఇల్లైట్ అనే ఇంకో మట్టి ఖనిజం, సన్నటి క్వార్ట్జ్ (సిలికా స్ఫటికాలు), కాస్త ఫెల్డ్‌స్పార్ లేదా అభ్రకం, కొద్దిగా ఇనుము ఉంటాయి. ఎర్రమట్టిలో ఇనుము, సున్నం ఎక్కువ కాబట్టి అది 1150 దాటితే వంగిపోవడం, పొంగడం, చివరికి కరగడం మొదలవుతుంది. దీనిలో వేడికి తట్టుకునే అల్యూమినా ఎక్కువ, కరిగించే పదార్థాలు తక్కువ, అందుకే 1200 నుంచి 1300 దాకా నిలబడుతుంది.

నేను వాడుతున్నది రెండు రకాల్లో దొరుకుతుంది. ఒకటి నున్నటిది, ఇంకొకటి గ్రాగ్ కలిపినది, అంటే ముందే కాల్చి పొడి చేసిన మట్టి రేణువులు కలిపినది. రెండూ వాడాను, రెండింటి గురించీ చెప్తాను, కానీ ఎక్కువ మాట నున్నటిదాని గురించే.

సంచి విప్పగానే కనిపించే రంగుని నమ్మొద్దు. తడి మట్టి బూడిదరంగులో, ఒక్కోసారి దాదాపు నల్లగా ఉంటుంది. అది ఇనుము రంగు కాదు, కోట్ల ఏళ్ల కింద ఆ పొరలో చిక్కుకున్న ఆకులు, వేర్ల కార్బన్ రంగు, కిల్న్‌లో కాలిపోతుంది. తీగతో దిమ్మని అడ్డంగా కోసి చూడండి, కోసిన ముఖం సబ్బులా నున్నగా మెరవాలి, గాలి చిల్లులు ఉండకూడదు. తర్వాత ఒక చిన్న ముద్ద తీసుకుని పెన్సిల్ మందాన తాడులా చేసి వేలికి చుట్టండి. దీన్ని చుట్టినప్పుడు వంపు బయటివైపు ఒక్క బీట కూడా రాలేదు, మడిచి ముడి వేసినా తెగలేదు. మామూలుగా కలిపిన మట్టుల్లో ఈ పరీక్షలో సన్నటి నెర్రెలు కనిపించడం చాలా సాధారణం. మట్టి కొనేవాళ్లకి నేను చెప్పే మొదటి పరీక్ష ఇదే, అర నిమిషం పని.

సారె మీద ఈ మట్టి పనితనం చూడాలి అసలు. సెంటర్ చేయడం (ముద్దని సారె నడిమధ్యన నిలపడం) తేలిక, గోడ పైకి లాగేటప్పుడు చేతి కింద సమంగా కదులుతుంది, ఎక్కడా గడ్డలు తగలవు. పొడుగు కూజాలకి, సన్నటి మెడలకి, గట్టిగా బయటికి తెరిచే గిన్నెలకి కూడా తట్టుకుంటుంది. పోర్సలిన్ (తెల్ల పింగాణీ మట్టి) వాడి అలవాటైనవాళ్లకి దీని ఓపిక చూసి ఆశ్చర్యం వేస్తుంది, తప్పు ఆకారం వచ్చినా మళ్లీ కిందికి దించి లాగొచ్చు. కానీ దానికీ హద్దు ఉంది. రేణువులు సన్నవి కాబట్టి నీళ్లు బాగా పీలుస్తుంది, ఒకే పాత్ర మీద ఎక్కువసేపు నీళ్లు పోస్తూ కూర్చుంటే గోడ కింది భాగం మెత్తబడి ఒక్కసారిగా కూలబడుతుంది. అడుగుని స్పాంజ్‌తోనో చెక్క బద్దతోనో మధ్యకీ అంచుకీ గట్టిగా నొక్కడం మర్చిపోవద్దు, ఇంత సన్నటి మట్టిలో అడుగున ఎస్ ఆకారపు పగులు రావడానికి ముఖ్య కారణం ఆ నొక్కుడు సరిపోకపోవడమే. లోపల నిలిచిన నీళ్లు ఎప్పటికప్పుడు తీసేయండి.

గ్రాగ్ కలిపిన రకం సారె మీద నాకు నచ్చలేదు, అరచేయి పక్క భాగం గీసుకుపోతుంది, అంచు సన్నగా తీస్తే గింజలు బయటికి లేస్తాయి. చేత్తో కట్టే పెద్ద పనులకి మాత్రం అదే సరైనది. పలకలు పరిచి పెట్టె చేసినా, చుట్టలు పేర్చి నడుం ఎత్తు కుండ కట్టినా, బొమ్మలు చేసినా గ్రాగ్ గోడని నిలబెడుతుంది, సంకోచం తగ్గిస్తుంది, లోపలి తేమ బయటికి రావడానికి దారి ఇస్తుంది, వంకర్లు తగ్గుతాయి. కొనేటప్పుడు గ్రాగ్ శాతంతో పాటు గింజ సైజు కూడా అడగండి. 0 నుంచి 0.5 మిల్లీమీటర్ల దాకా అంటే కప్పులకి కూడా సర్దుకోవచ్చు, 2 మిల్లీమీటర్ల గింజ అయితే శిల్పాలకే.

సంచి రాగానే వాడేయకుండా కొన్ని నెలలు తడిగా మూసి ఉంచితే ఇంకా బాగుంటుంది. నీళ్లు ప్రతి రేణువు చుట్టూ సమంగా చేరతాయి, మట్టిలోని సూక్ష్మజీవులు పని చేసి కొద్దిగా పులుపు పుట్టిస్తాయి, దానితో జిగురు పెరుగుతుంది. వాసన వస్తే కంగారు పడకండి, మంచిదే. ఎంత గాలి తీసిన మట్టి అని రాసి ఉన్నా వాడే ముందు ఒకసారి పిసకండి, ఎందుకంటే నిల్వలో దిమ్మ బయటి పొర ఎప్పుడూ లోపలికంటే గట్టిపడుతుంది, పిసక్కుండా సారె మీద పెడితే ఆ తేడా ముద్దని ఒక పక్కకి లాగుతుంది. మిగిలిన ముక్కలు, చెక్కిన తుక్కు నానబెట్టి మళ్లీ వాడుకోవడానికి ఇది చాలా బాగా సహకరిస్తుంది. ఒక్క జాగ్రత్త: సారె దగ్గర మిగిలే బురదని కూడా తుక్కుతో కలిపేయండి, సన్నటి రేణువులన్నీ అందులోకే పోతాయి, దాన్ని పారబోస్తే తిరిగి చేసిన మట్టికి జిగురు తగ్గుతుంది.

ఇక సంకోచం. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి, ఈ మట్టి కొన్న చాలామంది ఇబ్బంది పడేది ఇక్కడే. మట్టి పలక మీద సరిగ్గా 100 మిల్లీమీటర్ల గీత గీసి ఆరబెట్టాను, పూర్తిగా ఎండాక అది 94 అయింది, 1280లో కాలాక 88 అయింది. అంటే మొత్తం 12 శాతం. స్టోన్‌వేర్‌కి ఇది మామూలే, 10 నుంచి 13 శాతం మధ్య ఉంటుంది. ఇప్పుడు కాలాక 100 మిల్లీమీటర్ల వెడల్పు ఉండే ప్లేటు కావాలంటే తడి కొలత ఎంత? చాలామంది 12 కలిపి 112 అంటారు, అది తప్పు. 100ని 0.88తో భాగించాలి, దగ్గరదగ్గర 113.6 వస్తుంది. చిన్న వస్తువులో తేడా తెలియదు కానీ మూత సరిగ్గా కూర్చోవాల్సిన జాడీలో తెలుస్తుంది. పట్టే పరిమాణం లెక్క ఇంకా ఎక్కువ తగ్గుతుంది, ఎందుకంటే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి. 0.88ని మూడుసార్లు హెచ్చిస్తే 0.68, కాబట్టి కాలాక 300 మిల్లీలీటర్లు పట్టే కప్పు కావాలంటే తడిగా ఉన్నప్పుడు 440 పట్టేలా చేయాలి. తడి కప్పు చూసినప్పుడు ఇంత పెద్దదా అనిపిస్తుంది, అనిపించాలి.

ఎండే దశలో ఈ మట్టి తొందర ఒప్పుకోదు. అంచు ముందే ఎండి అడుగు తడిగా ఉంటే పగులు ఖాయం. వెడల్పు ప్లేట్లయితే అంచు మీద ప్లాస్టిక్ కప్పి మధ్య భాగం ఆరేదాకా ఉంచండి, వీలైతే తిరగేసి ఆరబెట్టండి. పిడి అతికించాల్సి ఉంటే రెండు భాగాలూ ఒకే తేమలో, తోలులా గట్టిపడిన దశలో ఉండాలి, గీతలు పెట్టి అదే మట్టితో చేసిన స్లిప్, అంటే పల్చటి మట్టి బురద, రాసి అతికించండి, తర్వాత ఒక రాత్రి మూసి ఉంచితే తేమ సర్దుకుంటుంది. నున్నటి రకంలో దీనికి మినహాయింపు లేదు. గ్రాగ్ రకం కాస్త ఓర్చుకుంటుంది.

మొదటి కాల్పు, అంటే బిస్క్, 950 నుంచి 1000 మధ్య చాలు. కానీ ఎంత వేడికి చేర్చామన్నదానికంటే ఎంత నెమ్మదిగా చేర్చామన్నదే ఇక్కడ లెక్క. 100 డిగ్రీల దగ్గర మిగిలిన తేమ ఆవిరవుతుంది, మందమైన వస్తువు అయితే అక్కడ తొందరపడితే పేలుతుంది. 450 నుంచి 600 మధ్య మట్టి స్ఫటికాల్లో బంధించి ఉన్న నీరు వదిలిపోతుంది, అక్కడి నుంచి అది మళ్లీ నీళ్లలో కరిగే మట్టిగా మారదు. 573 దగ్గర క్వార్ట్జ్ ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు అదే చోట మళ్లీ ముడుచుకుంటుంది, రెండు దారుల్లోనూ అక్కడ మెల్లగా వెళ్లాలి. ఈ మట్టికి అన్నిటికంటే ముఖ్యమైంది 700 నుంచి 900 మధ్య. ముందు చెప్పిన ఆ కార్బన్ అంతా కాలి గ్యాస్‌గా బయటికి పోవాల్సింది ఇక్కడే, దానికి ఆక్సిజన్ కావాలి, సమయం కావాలి. కిల్న్ గాలి రంధ్రం తెరిచి ఉంచండి, పాత్రల్ని ఒకదానిలో ఒకటి బిగించి పేర్చకండి. ఇక్కడ తొందరపడితే గోడ మధ్యలో నల్లటి గీత మిగిలిపోతుంది, తర్వాత గ్లేజ్ (పాత్ర మీద గాజులా కరిగే పూత) కాల్పులో పైభాగం మూసుకుపోయాక లోపల చిక్కిన గ్యాస్ ఉబ్బులు లేపుతుంది. ఉబ్బులు చూసి ఎక్కువ కాలిందనుకుంటారు. పగలగొట్టి చూడండి, మధ్యలో నలుపు ఉంటే గొడవ బిస్క్‌లోనే.

అసలు కథ రెండో కాల్పులో ఉంది. 1200 దాటాక ఫెల్డ్‌స్పార్, అభ్రకం కరిగి చిక్కటి గాజులా మారి రేణువుల మధ్య సందుల్లోకి పాకుతుంది, కేయోలినైట్ నుంచి ముల్లైట్ అనే సూదుల్లాంటి స్ఫటికాలు పెరిగి ఆ గాజుని పట్టి ఉంచుతాయి. పాత్ర రాయిలా గట్టిపడేది, నీళ్లు పీల్చడం మానేసేది ఈ రెండూ కలిసినప్పుడే. కోన్ అంటే కిల్న్‌లో వేడి ఎంత పనిచేసిందో వంగి చూపే చిన్న శంకువు, నంబరు పెరిగితే వేడి ఎక్కువ. కాబట్టి కోన్ 6కి, అంటే సుమారు 1220కి, కోన్ 10కి, అంటే సుమారు 1290కి కాల్చిన ఒకే మట్టిని ఒకే వస్తువు అనుకోవడానికి లేదు. నా టెస్ట్ ముక్కల్లో 1000కి కాలినది తన బరువులో పదో వంతు పైనే నీళ్లు పీల్చింది, 1220కి కాలినది 3, 4 శాతం మధ్య, 1280కి కాలినది 2 శాతం లోపు. పరీక్ష చేయడం తేలికే: గ్లేజ్ వేయని ముక్కని పొడిగా తూచండి, కొన్ని గంటలు నీళ్లలో మరిగించి అదే నీళ్లలో చల్లారనివ్వండి, పైతడి తుడిచి మళ్లీ తూచండి. 150 గ్రాములది 153 అయితే 2 శాతం. తూకం లేకపోతే విరిగిన అంచు మీద ఒక చుక్క పెన్ను సిరా వేయండి. తక్కువ కాలిన ముక్క మీద చుక్క చూస్తుండగానే చుట్టూ పాకి లోపలికి ఇంకిపోతుంది, కడిగినా మచ్చ పోదు. బాగా కాలిన ముక్క మీద అది గుండ్రంగా నిలబడి ఉంటుంది, తుడిస్తే వస్తుంది. వేలి గోరుతో కొడితే మోత కూడా తేడాగా ఉంటుంది, ఒకటి మొద్దుగా, ఇంకొకటి ఖంగుమని.

గ్లేజ్ వేస్తే నీళ్లు ఆగుతాయి కదా, తక్కువ వేడికే కాల్చుకుంటాం అని ఒక వాదన వింటుంటాను. ఆగవు. తక్కువ కాలిన పాత్ర మీద గ్లేజ్‌కి సన్నటి నెర్రెలు వచ్చే అవకాశం ఎక్కువ, అడుగున గ్లేజ్ వేయని రింగు ఎలాగూ ఉంటుంది, కడిగిన ప్రతిసారీ నీళ్లు లోపలికి వెళ్తాయి. తర్వాత ఆ కప్పుని మైక్రోవేవ్‌లో పెడితే గోడలో ఇంకిన నీళ్లు వేడెక్కి పిడి పట్టుకోలేనంత కాలుతుంది, పూల కుండీ అయితే కింద బల్ల మీద మచ్చ. గడ్డకట్టే చలిలో బయట పెట్టే వస్తువైతే ఇంకా ప్రమాదం, లోపల నీళ్లు మంచు అయ్యి పెచ్చులు ఊడతాయి. సరిగ్గా పూర్తిగా కాలిన స్టోన్‌వేర్ ఆ చలిని కూడా తట్టుకుంటుంది, తోటలో పెట్టే పెద్ద కుండీలకి దీన్ని ఎంచుకోవడానికి అదే కారణం. అలాగని అతిగానూ కాల్చొద్దు. 1300 దాటితే నా నున్నటి రకం పలచటి ప్లేట్ల అంచులు వాలాయి.

రంగు గురించి రాయకపోతే ఈ మట్టికి అన్యాయం చేసినట్టే. ఎలక్ట్రిక్ కిల్న్‌లో, అంటే గాలి ధారాళంగా ఉండే కాల్పులో, లేత గోధుమ రంగు నుంచి తేనె రంగు దాకా వస్తుంది. గ్యాస్ కిల్న్‌లో గాలి తగ్గించి రిడక్షన్ ఇస్తే లోపలి మట్టి బూడిదరంగుకి తిరుగుతుంది, చల్లారేటప్పుడు పైన పలచటి పొర మళ్లీ ఆక్సిజన్ పీల్చుకుని నారింజ గోధుమ రంగులోకి మారుతుంది, అక్కడక్కడా మట్టిలోని ఇనుప గింజలు గ్లేజ్‌లోంచి పైకి వచ్చి గోధుమ చుక్కలుగా కనిపిస్తాయి. ఈ చుక్కలు నచ్చేవాళ్లకి ఇంతకంటే మంచి మట్టి లేదు, నచ్చనివాళ్లు ఇప్పుడే ఆగిపోండి, జల్లెడ ఎంత సన్నది వాడినా పూర్తిగా పోవు. కట్టెల కిల్న్‌లో అయితే గ్లేజ్ వేయకుండానే పెట్టండి. మంటతో పాటు ఎగిరే బూడిదలో సున్నం, పొటాష్ ఉంటాయి, అవి మట్టిలోని సిలికాతో కలిసి అక్కడికక్కడే గ్లేజ్ అవుతాయి. మంట తగిలిన వైపు ఒక రంగు, నీడలో ఉన్న వైపు ఇంకో రంగు వస్తుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. జర్మనీలో వెస్టర్‌వాల్డ్ కుమ్మరులు తమ నేలలో దొరికే బూడిదరంగు స్టోన్‌వేర్ మట్టి మీద కోబాల్ట్ నీలం గీసి ఉప్పు గ్లేజ్ వేశారు. కిల్న్ బాగా వేడి మీద ఉన్నప్పుడు ఉప్పు చల్లుతారు, సోడియం ఆవిరి మట్టి ఉపరితలంలోని సిలికా, అల్యూమినాతో కలిసి నారింజ తొక్కలాంటి గరుకు మెరుపు ఇస్తుంది. జపాన్‌లో బిజెన్ పాత్రలకి గ్లేజ్ వేయరు, మట్టి, మంట, బూడిద అంతే. అక్కడిదే షిగరాకి ప్రాంతపు మట్టిలోని ఫెల్డ్‌స్పార్ గింజలు కాల్పులో కరిగి తెల్లటి చుక్కలుగా బయటికి పొడుచుకొస్తాయి. ఫ్రాన్స్‌లో ప్యుసే ప్రాంతపు మట్టితో తరతరాలు నిల్వ జాడీలు, సీసాలు చేశారు. జాన్ కారియెస్ అనే శిల్పి 1878 పారిస్ ప్రదర్శనలో జపాన్ స్టోన్‌వేర్ చూసి మనసు పారేసుకుని, 1888లో ఆ మట్టి కోసమే ప్యుసేలోని సెంట్‌అమాన్ ఊరికి వెళ్లి స్థిరపడ్డాడు. ఈ చోట్లన్నిటిలో ముందు మట్టి ఉంది, దాని గుణాన్ని బట్టే పాత్ర రూపం, కాల్చే పద్ధతి పుట్టాయి. నాకు ఈ మట్టి మీద ఇంత ఇష్టం ఉండటానికి అది కూడా ఒక కారణం.

గ్లేజ్ ఎంపికకి వస్తే, సెలడాన్ (లేత ఆకుపచ్చ), టెన్‌మోకు (ముదురు గోధుమ, నలుపు), బూడిద గ్లేజులు దీని మీద చాలా అందంగా కూర్చుంటాయి, కింది ఇనుము వాటికి లోతు ఇస్తుంది. పారదర్శక గ్లేజ్ వేస్తే గడ్డి రంగు వస్తుంది, తెల్లగా మెరవాలనుకుంటే ముందు తెల్ల స్లిప్ పూయాలి. పసుపు, గులాబీ లాంటి కాంతివంతమైన రంగులు కావాలంటే తెల్ల మట్టో పోర్సలినో తీసుకోండి, దీనితో పోట్లాడకండి. వేరే మట్టికి బాగా కుదిరిన గ్లేజ్ దీనికీ కుదురుతుందని అనుకోవద్దు, చల్లారేటప్పుడు రెండూ ఒకే లెక్కలో ముడుచుకోకపోతే నెర్రెలు వస్తాయి, లేదా అంచుల దగ్గర గ్లేజ్ రేకులుగా లేస్తుంది. రెండోది ప్రమాదం, ఆ రేకు తాగేవాళ్ల నోట్లోకి వెళ్తుంది.

వాడకం సంగతి. కప్పులు, ప్లేట్లు, గిన్నెలు, మూత జాడీలు, కుండీలు, టైల్స్, బయట పెట్టే శిల్పాలు, అన్నిటికీ పనికొస్తుంది. పూర్తిగా కాలాక పులుపుకీ ఉప్పుకీ లొంగదు. ఓవెన్ పాత్రలకి వాడొచ్చు కానీ చల్లటి ఓవెన్‌లోనే పెట్టి మెల్లగా వేడెక్కించాలి, గోడ మందం అంతటా సమంగా ఉండాలి. నేరుగా మంట మీద మాత్రం పెట్టొద్దు, ఎవరు ఏమన్నా సరే. ఎక్కువ వేడికి చాలాసేపు కాలిన సిలికాలో కొంత క్రిస్టోబలైట్ అనే ఇంకో స్ఫటిక రూపంగా మారుతుంది, అది 220 నుంచి 270 డిగ్రీల మధ్య ఒక్కసారిగా పరిమాణం మార్చుకుంటుంది, మంట తగిలిన అడుగు ఆ వేడి దాటి గోడ దాటకపోతే పాత్ర రెండు ముక్కలే. మంట మీద పెట్టే పాత్రలకి వేరే మట్టులు ఉన్నాయి. అచ్చులో పోసే పనికి కూడా దీన్ని సిఫారసు చేయను, సహజ మట్టిలో కరిగే లవణాలు ఉంటాయి, సోడియం సిలికేట్ వేసినా స్లిప్ పల్చబడకుండా మొండికేస్తుంది.

ఇప్పుడు ఫిర్యాదులు. అన్నిటికంటే పెద్దది బ్యాచ్ తేడా. నేల పొర అంతటా ఒకేలా ఉండదు, అది నాకు అర్థమవుతుంది. కానీ ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కి సంకోచం దాదాపు ఒక శాతం మారింది, కాలిన రంగు కూడా ఒక మెట్టు ముదిరింది, సంచి మీద ఆ సంగతి ఒక్క ముక్క రాయలేదు. అమ్మినవాళ్లని అడిగితే సహజ మట్టి కదండీ అన్నారు. సహజ మట్టి అని తెలుసు, అందుకే బ్యాచ్ నంబరు, కొత్త సంకోచం లెక్క సంచి మీద ముద్రించమంటున్నాను. సెట్టుగా చేసే పనికి ఆ ఒక్క శాతం చాలా పెద్ద విషయం, పాత బ్యాచ్ జాడీకి కొత్త బ్యాచ్ మూత కూర్చోదు. కాబట్టి ఒక ఆర్డరుకి సరిపడా మట్టి ఒకేసారి, ఒకే బ్యాచ్‌లో తెచ్చుకోండి.

రెండోది, అప్పుడప్పుడూ సున్నపురాయి పలుకులు తగులుతాయి. జల్లెడ దాటి వచ్చిన పలుకు బిస్క్‌లో కాలి సున్నం అవుతుంది, తర్వాత రోజుల మీద గాలిలో తేమ పీల్చి ఉబ్బి పైన చిన్న పెచ్చు ఎగరగొడుతుంది, ఆ గుంటలో తెల్ల చుక్క కనిపిస్తుంది. బిస్క్ అయిన పాత్రల్ని కొన్ని రోజులు ఆగి చూసుకుని అప్పుడు గ్లేజ్ వేస్తే ఇలాంటివి ముందే బయటపడతాయి. మూడోది, లవణాల వల్ల ఎండిన అంచుల మీద తెల్లటి పొర. కొందరు దీనికి బేరియం కార్బొనేట్ కలపమంటారు, అది విషం. చిన్న స్టూడియోలో, పిల్లలు తిరిగే చోట అది అసలు వద్దు. తడి స్పాంజ్‌తో తుడిచి, గాలి ఒకే వైపు నుంచి కొట్టకుండా ఆరబెడితే చాలావరకు తగ్గుతుంది.

‘సహజ’ అని రాసి ఉంది కదా అని పొడిని తేలిగ్గా తీసుకోకండి, ఇది ఏ మట్టికైనా వర్తిస్తుంది. ఎండిన మట్టి పొడిలో సన్నటి సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకి సిలికోసిస్ వస్తుంది, అది తగ్గే జబ్బు కాదు. పొడి చీపురుతో ఊడవద్దు, తడిబట్టతో తుడవండి. ఎండిన పాత్రని గీకాల్సి వస్తే మంచి మాస్కు పెట్టుకోండి, లేదా తడి స్పాంజ్‌తో నునుపు చేయండి.

కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇది సరిపోతుందా అంటే, సారె మీద సరిపోతుంది, మంచి గురువులాంటి మట్టి. కిల్న్ వేరేవాళ్లది అయితే ముందు వాళ్లు ఏ కోన్‌కి కాలుస్తారో అడగండి. కోన్ 6 దగ్గర ఆపే స్టూడియో అయితే కోన్ 6కే పూర్తిగా గట్టిపడేలా తయారు చేసిన కలిపిన మట్టి తీసుకోండి, అందులో మొహమాటం వద్దు. కోన్ 9, 10కి వెళ్లేవాళ్లు, గ్యాస్‌తోనో కట్టెలతోనో కాల్చేవాళ్లు మాత్రం ఇది ఒకసారి తప్పక వాడాలి. నా వరకు సారె పనికి ఇంతకంటే మంచిది దొరకలేదు, అమ్మేవాళ్ల లేబుల్ నిర్లక్ష్యం ఒక్కటే లేకపోతే పూర్తి మార్కులు ఇచ్చేవాడిని.

ఆర్డర్ చేసేటప్పుడు ముందు ఒక్క సంచే తెప్పించండి. అందులోంచి మూడు పలకలు చేసి మూడు వేర్వేరు వేడిల్లో కాల్చి, సంకోచం, నీటి పీల్పు కొలిచి, ప్రతి పలక వెనక బ్యాచ్ నంబరు, కాల్చిన కోన్ ఇనుప ఆక్సైడ్‌తో రాసి పెట్టుకోండి, సిరాతో రాస్తే కిల్న్‌లో ఎగిరిపోతుంది. అదే బ్యాచ్ ఇంకా స్టాకులో ఉండగానే ఆ పలకలు తయారవ్వాలి, కాబట్టి సంచి వచ్చిన రోజే మొదలుపెట్టండి.